గోడ మీది ఫోటో ఎవరిది?

మా ఊళ్ళో ఒక బుర్రకథ దళం ఉండేది. ప్రధాన కథకుడు పోయి ఇరవయ్యేళ్ళు దాటింది. మండలం దాటితే ఆయన పేరు ఎవరికీ తెలియదేమో గానీ, మా చిన్నప్పుడు సంక్రాంతి రాత్రులు ఆయన గొంతుతోనే తెల్లారేవి. రెండేళ్ళ కిందట ఊరెళ్ళినప్పుడు వాళ్ళింటికి వెళ్ళాను. గోడకి ఫ్రేములో ఆయన ఫోటో ఉంది. భుజాన తంబుర, వేళ్ళకి అందెలు, వెనక స్టూడియో తెర మీద గీసిన కొండలూ చెరువూ. ఫోన్ తీసి నొక్కాను. ఆ రాత్రే తెలుగు వికీపీడియాలో ఆయన మీద నాలుగు పేరాల వ్యాసం రాసి, ఫోటోని వికీపీడియా బొమ్మలుండే వికీమీడియా కామన్స్‌కి ఎక్కించాను. ఇది ఎవరి కృతి అని అడిగిన చోట "స్వంత కృతి" అని టిక్ పెట్టాను. ఫోన్ నాది, నొక్కిన వేలు నాది. ఇంకెవరిదవుతుంది?

వారం తిరక్కుండానే రెండు నోటీసులొచ్చాయి. కామన్స్‌లో నా చర్చ పేజీలో ఒకటి: ఈ ఫోటో మీ స్వంత కృతి అనిపించడం లేదు, అనుమతి చూపించండి. వ్యాసం నెత్తిన ఇంకోటి: విషయ ప్రాముఖ్యత కనబడటం లేదు, తొలగింపుకి ప్రతిపాదిస్తున్నాం. ఒళ్ళు మండిపోయింది. ఆయన కథ నేను కళ్ళారా చూశాను, చెవులారా విన్నాను. ఎక్కడో కూర్చున్నవాళ్ళు "ఎవరాయన?" అని అడగడమేంటి?

ఆ కోపంలో రెండు వేరువేరు తగాదాల్ని నేను ఒకటే అనుకున్నాను. కొత్తగా రాయడానికొచ్చేవాళ్ళు చాలామంది ఇలాగే కలిపేసుకుంటారు. ఫోటో దగ్గర వాళ్ళడిగేది "ఇది ఎవరిది?" అని. వ్యాసం దగ్గర అడిగేది "ఇది ఇంకెవరు చెప్పారు?" అని. "ఇది నిజమేనా?" అన్న ప్రశ్న రెండు చోట్లా లేదు. మన దగ్గరున్న జవాబేమో దానికొక్కదానికే. అందుకే అంత ఉక్రోషం.

ముందు ఫోటో సంగతి. 2004లో మొదలైన కామన్స్ అన్ని భాషల వికీపీడియాలకూ ఉమ్మడి బొమ్మల గది. అందులో ఫైళ్ళు 10 కోట్లు దాటాయి. ఒక బొమ్మని అక్కడ తీసేస్తే, దాన్ని వాడుకుంటున్న పేజీలన్నిట్లోంచీ ఒక బాట్, అంటే తనంతట తానే పనిచేసే ప్రోగ్రాము, వచ్చి లింకు పీకేసి పోతుంది. వ్యాసం చరితంలో దాని పేరు కామన్స్‌డీలింకర్ అని కనిపిస్తుంది. మన వ్యాసంలో నిన్నటిదాకా ఉన్న బొమ్మ పొద్దున్నకి లేకపోతే చాలాసార్లు దాని పనే. దాన్ని తిట్టుకుని లాభం లేదు, చెప్పిన పని చేసి పోతుందంతే.

నా ఫోటోని ఎలా పట్టుకున్నారో తెలుసా? ఫ్రేము అద్దంలో నా మోచెయ్యి, ట్యూబులైటు కనిపిస్తున్నాయట. ఫైల్లో నా ఫోన్ మోడల్, తీసిన తేదీ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా చూసేవాళ్ళకి అది ఫోటోకి తీసిన ఫోటో అని ఇట్టే తెలిసిపోయింది. ఫేస్‌బుక్ నుంచి దించుకున్న ఫోటోలైతే ఇంకా తేలిక, ఫైలు లోపల ఫేస్‌బుక్ వేసే గుర్తు అలాగే ఉండిపోతుంది.

చట్టం దృష్టిలో ఫోటోకి ఫోటో తీయడమంటే జిరాక్సు తీయడం లాంటిదే. మిషన్ మనదైనంత మాత్రాన పుస్తకం మనదైపోదు. మరి ఆ స్టూడియో ఫోటో ఎవరిది? మన 1957 కాపీరైట్ చట్టంలో 17వ సెక్షన్ దీనికి జవాబు చెబుతుంది. మామూలుగా ఫోటో తీసినవాళ్ళదే మొదటి హక్కు. కానీ డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవాళ్ళదే. నెగటివ్‌లు దగ్గరుంచుకున్నంత మాత్రాన కాపీరైట్ స్టూడియో వాళ్ళది కాదు. మన పెళ్ళి ఆల్బమ్ సంగతి కూడా ఇంతే. గడువు లెక్క మాత్రం ఫోటోగ్రాఫర్ ఆయుష్షుతో ముడిపడి ఉంది. 2012 దాకా ఫోటోకి ప్రచురణ నుంచి 60 ఏళ్ళు ఉండేది. ఆ ఏటి సవరణతో అది ఫోటోగ్రాఫర్ బతికినన్నాళ్ళూ, పోయాక మరో 60 ఏళ్ళూ అయింది.

అంటే మా ఊరి ఫోటో మీద హక్కు కథకుడిది. ఆయన తరవాత వాళ్ళ కుటుంబానిది. నాది మాత్రం కాదు. వాళ్ళబ్బాయి నాకన్నా పెద్దవాడు, ఊళ్ళోనే ఉంటాడు. ఫోన్ చేశాను.

"అన్నా, నాన్నగారి ఫోటోకి మీరు అనుమతిస్తున్నట్టు ఒక మెయిల్ పంపాలి."

"మెయిలెందుకురా, తీసుకెళ్ళమని నేనే కదా చెప్పాను?"

"నాకు చెప్తే చాలదన్నా. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు అని రాయాలి."

అవతల కాసేపు మాట లేదు. "అమ్ముకోవడం ఏంటి? అంటే నాన్న బొమ్మ టీషర్టు మీద వేసి ఎవడైనా అమ్ముకోవచ్చా?"

"అమ్ముకోవచ్చన్నా. కింద పేరు వెయ్యాలి, అంతే."

"టీషర్టు మీద వేస్తే కొనేవాళ్ళున్నారంట్రా ఈ రోజుల్లో?" అని నవ్వాడు. మెయిల్ పంపాడు.

స్వేచ్ఛా లైసెన్సు అనే మాటలో జనానికి మింగుడు పడనిది ఈ అమ్ముకోవడమే. "వికీపీడియాకి మాత్రం ఇస్తాను, వ్యాపారానికి వద్దు" అంటారు. వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. కానీ కామన్స్ అలాంటి అనుమతిని ఒప్పుకోదు. ఎందుకంటే వికీపీడియా పాఠ్యం మొత్తం ఎవరైనా అచ్చువేసి అమ్ముకోవచ్చు. 2023 నుంచి అది ఉన్నది సీసీ బై-ఎస్ఏ 4.0 లైసెన్సు కింద, అంటే పేరు చెప్పి, అదే షరతు మీద ఎవరైనా వాడుకోవచ్చు. రేపు ఎవరైనా ఈ వ్యాసాలతో పుస్తకం వేసి ఇరవై రూపాయలకి అమ్మితే, బొమ్మ ఉన్న ప్రతి పేజీ దగ్గరా ఆగి ఎవరో ఒకరిని అడగాల్సి రాకూడదు. అందుకే "వ్యాపారేతర" అని షరతున్న లైసెన్సులూ, "మార్పులు చేయరాదు" అన్నవీ పనికిరావు. అనుమతి మెయిళ్ళు చూసే స్వచ్ఛంద బృందం ఒకటుంది. వాళ్ళు సరే అంటే ఫైలు పేజీ మీద ఒక టికెట్ నంబరు పడుతుంది. ఆ తరవాత అనుమతి లేదంటూ ఆ బొమ్మ జోలికి ఎవరూ రారు.

"ఎవరు కేసు వేస్తారండీ, పాతికేళ్ళ కిందటి ఫోటో మీద?" అని అడిగేవాళ్ళుంటారు. నేనూ అడిగాను. ఎవరూ వేయరు. కామన్స్ విధానంలో ఈ వాదనని పేరుపెట్టి మరీ తోసిపుచ్చారు. పట్టుబడతామా లేదా అన్న లెక్కతో అక్కడ ఏదీ నడవదు. హక్కుల మీద గట్టి సందేహం ఉంటే తీసేయడమే పద్ధతి. రుజువు చేసుకోవలసిన బాధ్యత ఎక్కించినవాళ్ళది. ఈ విషయంలో నాకిప్పుడు వాళ్ళ మీద ఫిర్యాదేమీ లేదు.

తెలుగు హీరోల పేజీల్లో ఫోటోలు కొన్ని అంత వింతగా ఎందుకుంటాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఏదో ఆడియో ఫంక్షన్లో పక్కకి తిరిగినప్పుడు తీసినది, వెనక ముంబై పార్టీ బ్యానర్ ఉన్నది. బాలీవుడ్ హంగామా అనే సైటు, తన ఫోటోగ్రాఫర్లు పార్టీల్లో, ఈవెంట్లలో తీసిన ఫోటోలని స్వేచ్ఛా లైసెన్సు కింద ఇచ్చింది. అందుకని ముంబై వెళ్ళి ప్రమోషన్ చేసిన నటుడికి వికీలో మంచి ఫోటో ఉంటుంది. హైదరాబాద్ దాటని గొప్ప కారెక్టర్ ఆర్టిస్టుకి ఉండదు. సినిమా స్టిల్సు, పోస్టర్లు ఆ అనుమతిలోకి రావు.

మరి తెలుగు వికీలో సినిమా పోస్టర్లు ఎలా ఉన్నాయి? అవి కామన్స్‌లో లేవు. 2007 మార్చిలో, వికీపీడియాని నడిపే వికీమీడియా ఫౌండేషన్ ఒక తీర్మానం చేసింది. బొమ్మలన్నీ స్వేచ్ఛగా వాడుకోగలిగేవే అయి ఉండాలి, తప్పదనుకుంటే ఆయా భాషల వాళ్ళు తమ సొంత మినహాయింపు విధానం రాసుకోవచ్చు అని. తెలుగులో, ఇంగ్లీషులో "సముచిత వినియోగం" పేరుతో చిన్న సైజు పోస్టరు ఆ సినిమా వ్యాసంలో పెట్టుకోనిస్తారు. స్పానిష్ వాళ్ళు, జర్మన్ వాళ్ళు అదీ వద్దనుకున్నారు. అయితే బతికున్న మనుషుల ఫోటోలకి ఈ వెసులుబాటు దాదాపు ఎక్కడా లేదు. మనిషి ఉన్నాడు కదా, వెళ్ళి తీసుకోవచ్చు కదా అన్నది తర్కం. చనిపోయినవాళ్ళకైతే కొంత సందు ఉంది. ఒక పెద్దాయన పోయిన వారానికే ఆయన పేజీలోకి చక్కటి ఫోటో రావడం వెనకున్న సంగతి ఇదే.

ప్రభుత్వ వెబ్‌సైటులో ఉంది కాబట్టి అందరిదీ అనుకోవడం ఇంకో పొరపాటు. అమెరికా ఫెడరల్ ఉద్యోగులు డ్యూటీలో తీసిన ఫోటోకి అక్కడ కాపీరైటే ఉండదు. మన దగ్గర ప్రభుత్వ ప్రచురణకి 60 ఏళ్ళ హక్కుంటుంది. అందుకే తెలంగాణ మూలాలున్న వ్యోమగామి రాజా చారి నాసా ఫోటోని ఎవరైనా వాడుకోవచ్చు గానీ, మన మంత్రిగారి ఫోటోని ఆయన శాఖ సైటు నుంచి తెచ్చి పెట్టకూడదు. కేంద్రం 2017లో ఓపెన్ డేటా లైసెన్సు తెచ్చాక, దాని పత్రికా సమాచార విభాగమైన పీఐబీ ఫోటోలకి కొంత దారి దొరికింది. రాష్ట్రాల సంగతి అలాగే ఉంది.

ట్యాంక్‌బండ్ మీది విగ్రహాలకైతే ఇబ్బంది లేదు. బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలబెట్టిన శిల్పాన్నీ, కట్టడాన్నీ ఫోటో తీసుకోవడానికి మన చట్టం 52వ సెక్షన్ అనుమతిస్తుంది. గోడ మీద వేసిన చిత్రానికి మాత్రం ఆ సౌకర్యం వర్తించదని కామన్స్ వాళ్ళ లెక్క. కాబట్టి ఫ్లైఓవర్ స్తంభాల మీది అందమైన బొమ్మల్ని ఎక్కిస్తే నోటీసు రావచ్చు. పుస్తకాల అట్టలదీ ఇదే వరస. గురజాడ 1915లో పోయారు, ఆయన రచనలు ఎప్పుడో అందరివీ అయిపోయాయి. శ్రీశ్రీ 1983లో పోయారు కాబట్టి 2043 చివరిదాకా హక్కులున్నాయి. బాపు 2014లో పోయారు. ఆయన గీసిన అట్టని స్కాన్ చేసి ఎక్కిస్తే పోయేదే, 2074 దాటేదాకా. అయితే కామన్స్‌లో తీసేసినదేదీ కాలిపోదు. మామూలు జనానికి కనబడకుండా పోతుందంతే. హక్కుల గడువు తెలిసినవాటికి ఫలానా ఏడాదిలో తిరిగి తేవాలి అని వర్గాలు కూడా పెట్టుకుని ఉంచారు. మనం ఉన్నా లేకపోయినా ఆ ఏడాది వస్తుందన్న ధీమా కాబోలు.

ఇండోనేషియాలో ఒక కోతి ఫోటోగ్రాఫర్ కెమెరాతో తన ఫోటో తానే తీసుకుంది. నొక్కింది కోతి కాబట్టి ఎవరికీ హక్కు లేదని కామన్స్ ఆ ఫోటోని ఉంచేసింది. కెమెరా యజమాని డేవిడ్ స్లేటర్ తీసేయమని అడిగినా తీయలేదు. జంతువుల రచనలని తాము నమోదు చేయమని అమెరికా కాపీరైట్ కార్యాలయం కూడా 2014లో చెప్పింది. నా వాదన ఏమిటి? నొక్కిన వేలు నాది కాబట్టి ఫోటో నాది అని. కోతికి చెల్లని వాదన నాకు మాత్రం ఎందుకు చెల్లుతుంది!

ఇక వ్యాసం. ఇది నిజంగా చిక్కుముడి. ఇక్కడ నాకు ఫిర్యాదులున్నాయి.

తొలగింపు అన్నీ ఒక రకం కాదు. పరీక్ష కోసం రాసిన పిచ్చి గీతలు, పచ్చి ప్రకటనలు, ఇంకో చోటి నుంచి యథాతథంగా ఎత్తి పెట్టిన పాఠ్యం వీటికి చర్చ అక్కర్లేదు, నిర్వాహకులు చూడగానే తీసేస్తారు. నిర్వాహకులంటే జీతగాళ్ళు కాదు, పగలు వాళ్ళ ఉద్యోగాలు వాళ్ళు చేసుకుని రాత్రి ఇక్కడ ఊడ్చేవాళ్ళు. మిగిలినవాటికి చర్చ పెడతారు. ఇంగ్లీషులో దానికి మామూలుగా ఏడు రోజులు. తెలుగులో రాసేవాళ్ళు గుప్పెడు మందే కాబట్టి ఒక్కోసారి ఎవరూ పలక్క చర్చ అలా పడి ఉంటుంది. "ఉంచాలి", "తొలగించాలి", "విలీనం చెయ్యాలి" అని రాస్తారు. చూడటానికి ఓటింగులా ఉంటుంది. కానీ తల లెక్క కాదు, వాదన లెక్క. ఇది తెలియక నేను మా వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాను. ఆ రాత్రే పుట్టిన నాలుగు ఖాతాల నుంచి "ఉంచాలి, ఆయన మహానుభావుడు" అని నాలుగు మాటలు పడ్డాయి. అవతలివాళ్ళు మర్యాదగానే, "ఈ ఖాతాలకి ఇదే మొదటి దిద్దుబాటు" అని ఒక్కొక్కదాని కింద రాసి వదిలేశారు. అంతకన్నా తిట్టినా బాగుండేది.

"విషయ ప్రాముఖ్యత" అన్న మాటే సగం గొడవకి మూలమని నా అనుమానం. మన చెవికి అది "నువ్వు ముఖ్యుడివా?" అని అడిగినట్టు వినిపిస్తుంది. "మా నాన్న ముఖ్యుడు కాదంటారా?" అని కొడుకులు కోప్పడతారు. నిజానికి వాళ్ళడిగేది గొప్పతనం గురించి కాదు. ఆ మనిషితో సంబంధం లేనివాళ్ళు, నమ్మదగ్గ చోట, ఓ మోస్తరు వివరంగా ఆయన గురించి రాశారా అని. సొంత ఫేస్‌బుక్ పేజీ పనికిరాదు. కుటుంబం వేయించిన సన్మాన సంచిక పనికిరాదు. పేపర్లో డబ్బిచ్చి వేయించుకున్న శుభాకాంక్షలు అసలే పనికిరావు. ఎన్‌సైక్లోపీడియా కొత్తగా ఏదీ కనిపెట్టదు, ఇంకెవరో రాసినదాన్ని కూర్చి పెడుతుంది. ఎవరూ రాయకపోతే కూర్చడానికి ఏమీ ఉండదు.

ఈ నియమం ఎలాంటి తప్పు చేయిస్తుందో 2018లో ప్రపంచమంతా చూసింది. కెనడా భౌతిక శాస్త్రవేత్త డొనా స్ట్రిక్‌లాండ్ మీద ఒకరు ఇంగ్లీషు వికీపీడియాకి చిత్తుప్రతి పంపితే, స్వతంత్ర మూలాలు చాలవని ఆ మే నెలలో సమీక్షలో తిప్పి పంపారు. అక్టోబరు 2న ఆమెకి నోబెల్ వచ్చింది. అంతకుముందు 2014లో ఆమె మీద ఇంకో పేజీ పుట్టి, కాపీ కొట్టిన పాఠ్యమన్న కారణంతో పోయింది. హక్కుల తగాదా ఒకసారి, సాక్ష్యం తగాదా ఇంకోసారి. జనం వికీపీడియాని ఆడిపోసుకున్నారు. ఆ తప్పులో పత్రికలకీ వాటా ఉందని నాకనిపిస్తుంది. నోబెల్ రాకముందు ఆమె గురించి వాళ్ళు రాసింది ఎంత?

తెలుగుకి వచ్చేసరికి ఈ నియమం ఇంకా బరువెక్కుతుంది. బుర్రకథ, హరికథ, తోలుబొమ్మలాట కళాకారుల మీద రాసినది ఏదైనా ఉంటే అది జిల్లా ఎడిషన్ పేజీల్లో ఉంటుంది. ఆ పేజీలు నెట్‌లో రెండు మూడేళ్ళకి మించి బతకవు, పాతవి నెట్‌కి రానేలేదు. మూలం ఎక్కడో లైబ్రరీలో బైండు కట్టి ఉన్నంత మాత్రాన అది మూలం కాకుండా పోదు. అచ్చు మూలాల్నీ ఒప్పుకోవాలనే విధానం కూడా అంటుంది. కానీ చర్చలో పాల్గొనేవాళ్ళు ముందు వెతికేది గూగుల్లోనే. అక్కడ దొరక్కపోతే లేనట్టే. ఇది నియమంలో ఉన్న లోపం కాదు, బద్ధకం.

ఇంకో విచిత్రం ఉంది. మూడొందల మంది ఉండే మా పక్క ఊరికి తెలుగు వికీలో పేజీ ఉంది. 2011 జనగణన ప్రకారం జనాభా ఎంత, అక్షరాస్యులెందరు, దగ్గర్లో పశువైద్యశాల ఎక్కడ, అన్నీ ఉన్నాయి. ఊరికి జనగణన సాక్ష్యం చెబుతుంది. వేల మందిని రాత్రంతా కూర్చోబెట్టిన మనిషికి సాక్ష్యం చెప్పే శాఖ ఏదీ లేదు.

వాసి, రాశి తగాదా కూడా తొలగింపు చర్చల్లోకే వచ్చి పడుతుంది. 2003 చివర్లో మొదలైన తెలుగు వికీపీడియాలో వ్యాసాలు లక్ష దాటాయి. వాటిలో మొలకలు, అంటే ఒకటి రెండు వాక్యాల పేజీలు, బోలెడు. "ఇది ఫలానా ఏట విడుదలైన తెలుగు సినిమా" అని ఒక్క వాక్యంతో ఆగిపోయిన పేజీలు ఒకప్పుడు వందలుగా పుట్టాయి. వీటిని ఉంచాలా, పీకాలా అని తెలుగు వికీ వాళ్ళ చర్చల పేజీ అయిన రచ్చబండలో ఎన్నోసార్లు మాట్లాడుకున్నారు. పదిహేనేళ్ళ కిందట గూగుల్ తన అనువాద పరికరంతో ఇంగ్లీషు వ్యాసాల్ని తెలుగులోకి దించినప్పుడైతే సమస్య తిరగబడింది. వ్యాసాలు బారెడు, భాష మాత్రం తెలుగు అక్షరాల్లో ఉన్న ఇంకేదో. బెంగాలీ వాళ్ళు అలాంటివి వద్దని తేల్చేశారు. ఒక్క వాక్యం మొలకలంటే నాకూ చిరాకే. పీకేయాలనే వాళ్ళ వైపే ఉండేవాణ్ణి.

నా వ్యాసం చర్చలో నా దగ్గరున్న ఏకైక ఆయుధం ఒక పేపర్ కటింగ్. అన్న ఇంట్లో లామినేషన్ చేయించి దాచుకున్నారు. మూడు కాలమ్‌ల వార్త, పక్కన ఫోటో. దాన్ని చూపిస్తే ఒకాయన, "బాగుంది. ఏ పత్రిక, ఏ తేదీ, ఏ పేజీ?" అని అడిగాడు. కత్తిరించినవాళ్ళు ఎంత శ్రద్ధగా కత్తిరించారంటే వార్త చుట్టూ ఒక్క అక్షరం మిగల్లేదు. పత్రిక పేరు లేదు, తేదీ లేదు.

వ్యాసాన్ని తొలగించారు, నిజం చెప్పాలంటే సగం తొలగించారు. రెండు వాక్యాలు మా ఊరి పేజీలోకి విలీనమయ్యాయి. అన్న మెయిల్ తరవాత నిలబడిన ఫోటో ఇప్పుడు ఆ రెండు వాక్యాల పక్కన ఉంది. మిగిలిన పాఠ్యాన్ని నిర్వాహకులని అడిగి నా ప్రయోగశాల పేజీలోకి, అంటే వికీలో నా చిత్తు రాతల పేజీలోకి, తెచ్చుకున్నాను.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ కటింగ్‌ని తిప్పి చూశాను. వెనక వైపు సగం తెగిన సినిమా ప్రకటన ఉంది. సినిమా పేరు, కింద "రెండవ వారం" అన్న మాట. ఆ సినిమా మీద తెలుగు వికీలో వ్యాసం ఉందేమోనని చూశాను. ఉంది, ఒకే ఒక్క వాక్యం. ఆ వాక్యంలో ఉన్నది విడుదల తేదీ.

దానికి పది రోజులు కలుపుకుని జిల్లా గ్రంథాలయంలో ఆ నెల పత్రికల బైండు పుస్తకం అడిగాను. నాలుగు పత్రికల్లో రెండు చూడటం అయిపోయింది.